అహమ్మదాబాదులో కొన్ని కొత్త తరహా ఇండ్లు



నేడు నేను చెప్పదలచినది అహమ్మదాబాదు నగరమునందలి కొన్ని ఇండ్లను గూర్చి. ఇవి కోటలు గావు, దేవాలయములు గావు; గడచిన శతాబ్దపు నడిమి కాలములో మనుష్యులు కాపురముండుటకై కట్టించుకొన్న ఇండ్లు. వీనిని చూచుటకు దేశదేశములనుండి వాస్తుశిల్ప విద్యార్థులు వచ్చుచుందురు. పల్లెటూళ్ళలో నుండు మనకు వానితో పనియేమని మీరడుగవచ్చును. పని కలదు. మన గ్రామములలో తాతలనాటి పెంకుటిండ్లును, మట్టి మిద్దెలును ఒక్కటొక్కటిగా నేలకూలుచు, వాని తావున సిమెంటు స్లాబు ఇండ్లు లేచుచున్నవి. పునాది త్రవ్వుటకు ముందు ఇంటి పెద్దను సంప్రదించుట ఇంకను మన ఆచారము. గుమ్మము ఏ దిక్కున, వంటయిల్లు ఏ మూల అని కుమారుడడిగిన మనము తోచినట్లు చెప్పుదుము. వైశాఖమాసపు రాత్రి ఆ స్లాబు క్రింద నిద్రపట్టునా అను ప్రశ్నను మాత్రము అతడును అడుగడు, మనమును అడుగము. ఆ ప్రశ్న వేసికొని కట్టిన ఇండ్లగుటచేతనే వీనిని నేను ఎన్నుకొంటిని.

అహమ్మదాబాదు ఎండ మన రెంటచింతల ఎండకు అన్నగారు. 2016 మే 20వ తేదీన అచట ఉష్ణము 48 డిగ్రీలకు చేరినది. అంతకు ముందు 2010 మే నెలలో, ఏటేట ఆ నెలలో చనిపోవువారి లెక్కకంటె 1,300 మందికి పైగా అధికముగా ఆ నగరమున మరణించిరి. దానితో కన్ను తెరచి నగరపాలక సంఘమువారు 2013లో ఎండకాలమునకై ఒక ప్రత్యేక ప్రణాళికను ఏర్పరచిరి. మన ఆంధ్ర తెలంగాణములలోను 2015 వేసవి వేయిమందికి పైగా ప్రాణములు తీసినది. ఎండదెబ్బ పొలములోనో, బాటమీదనో తగులునని మనము తలతుము. కాని రాత్రియు ఇల్లు చల్లారక, ఒడలికి విశ్రాంతి దొరకక నాలుగైదు దినములు వరుసగా గడచినచో, గడప దాటని వృద్ధుని గుండె కూడ తాళజాలదు. కావున ఇది మన వయస్సువారికి మిక్కిలి దగ్గరి సంగతి.

స్లాబు చేయు పని ఏమనగా, అది పగలెల్ల ఎండను త్రాగుచుండును. నాలుగైదు అంగుళముల మందము గల ఆ కాంక్రీటు పలక పైభాగమున కాగిన వేడి మెల్లమెల్లగా అడుగునకు దిగివచ్చును. దిగివచ్చువేళకు ప్రొద్దు గ్రుంకియుండును. మంట ఆర్పినను పెనము కాలుచునే యుండును గదా; అట్లే మనము మంచమెక్కు వేళకు ఆ కప్పు తన వేడిని క్రిందికి వదలుట ప్రారంభించును. పంకా తిప్పినచో ఆ వేడిగాలియే మరల మనమీదికి వచ్చును.

ఇక నగరమునకు వత్తము. సబర్మతీ నది తూర్పుగట్టున సుల్తాను అహమ్మదుషా 1411లో దీనిని స్థాపించెను. కొత్త ఇండ్లను చూడబోవువాడు ముందుగా పాతపట్టణమును చూడవలెనని నా అభిప్రాయము. అచటి వాడలను 'పోల్' అందురు. వాడ మొదట ఒక ద్వారము, లోపల ఇరుకైన సందులు, ఇరుప్రక్కల మూడేసి అంతస్తుల ఇండ్లు, వానికి చెక్కడపు పని గల కర్ర స్తంభములు. మిట్టమధ్యాహ్నము నేను పెద్దవీధినుండి ఒక పోల్ లోనికి మరలగానే నెత్తిమీది బరువు దింపినట్లైనది. ఇండ్లు ఒకదాని నీడ నొకటి కాచికొనుచున్నవి. వీధివైపు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. నడుమ ఆకాశము కనబడు చౌకు. మన గోదావరి కృష్ణా తీరములలోని మండువాను ఎరిగినవారికి దీనిని వర్ణింపనక్కరలేదు. ఆ చౌకు క్రింద నేలలో గచ్చుతో కట్టిన నీళ్ళ తొట్టి యొకటి యుండును. దానిని టాంకా యందురు. ఇంటికప్పుమీద పడిన వాననీరు గొట్టముగుండ దానిలోనికి దిగి, వెలుతురు సోకక ఏడాది పొడుగున త్రాగుటకు నిలిచియుండెడిది. ఈ పాతపట్టణమును ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతి సంస్థవారు 2017లో ప్రపంచ వారసత్వ నగరముగా గుర్తించిరి.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి ఈ నగరమున నూలుమిల్లులు వెలసినవి. మిల్లు యజమానులు ధనవంతులైరి. పోల్ విడిచి తోటలలో బంగళాలు కట్టించుకొనిరి. దేశవిభజన తరువాత పంజాబు రాజధానిగా చండీగఢమును నిర్మించుటకై లె కార్బూజియే యను ప్రసిద్ధ శిల్పిని మన దేశమునకు పిలిపించినపుడు, ఈ మిల్లు యజమానులు కూడ 1951లో ఆయనను తమ నగరమునకు ఆహ్వానించిరి. ఆయన స్విట్జర్లండు దేశమున పుట్టి పారిసులో స్థిరపడినవాడు. అహమ్మదాబాదులో ఆయన కట్టినవి నాలుగు. అందు రెండు నివాసగృహములు.

మొదటిది షాహీబాగులోని సారాభాయి ఇల్లు. సారాభాయి కుటుంబమును గూర్చి మీరు వినియుందురు. 1915లో గాంధీమహాత్ముడు తన ఆశ్రమములోనికి ఒక అంటరాని కుటుంబమును చేర్చుకొన్నందున విరాళములు నిలిచిపోగా, పేరు చెప్పకుండ 13,000 రూపాయలు ఇచ్చిపోయిన అంబాలాల్ సారాభాయి ఈ వంశమువాడే. ఆయన కోడలు మనోరమ, భర్తను కోల్పోయి, ఇద్దరు కుమారులతో నివసించుటకై ఈ ఇంటిని కట్టించెను. 1955 నాటికి పూర్తియైనది.

అనుమతిపై నేను లోనికి పోయి చూచితిని. బయటినుండి చూచువానికి అది ఇల్లే యనిపింపదు, చెట్లలో కలిసిపోయియుండును. లోపల పొడవాటి కమాను కప్పులు వరుసగా, ఒకదాని ప్రక్కనొకటి సాగిపోవుచుండును. ఆ కమానులను కట్టిన తీరు మన తాపీమేస్త్రీలు తెలిసికొనదగినది. క్రింద చెక్క అచ్చు నిలుపకుండ, పలుచని పెంకు బిళ్ళలను గచ్చుతో అతికించుచు వంపు తిప్పి, వానిపై ఇటుకల వరుస నొకదానిని సిమెంటుతో పరచిరి. దానిపై మట్టి పోసి గడ్డి పెంచిరి. ఇల్లంతయు ఒక తోటను నెత్తిన మోయుచున్నదన్నమాట. నేలకు మద్రాసు రాయి యనబడు నల్లని రాతి పలకలు. కమానుల కొనలు గాలి వీచు దిక్కునకు తెరచియున్నవి. వానికి ముందు లోతైన వసారాలు. తలుపులు ఇరుసుమీద తిరుగును. తెరచినచో గోడయే లేదు. ఆ యెండలో లోపల నిలిచినపుడు పాదములకు తగులు రాతి చల్లదనమును, చెంపకు తగులు గాలిని నేను ఇంకను మరువలేదు. పిల్లలకై మీది తోటనుండి క్రింది ఈతకొలనులోనికి కాంక్రీటుతో ఒక జారుడుబల్ల కూడ కట్టిరి. ఇంత గంభీరమైన శిల్పికి ఇట్టి తుంటరితనము కలుగుట నాకు ముచ్చటగా తోచినది.

రాయలసీమ పెద్దలు ఇది విని నవ్వుకొనుచుందురు. కప్పుమీద మట్టియా? చవుడు మిద్దెలలో పుట్టి పెరిగినవారికి పారిసు శిల్పి చెప్పవలెనా? అది నిజమే. దూలములు పరచి, పైన చవుడు మెత్తి, ఏటేట వానలకు ముందు సరిచూచుకొను మిద్దె ఏల చల్లగా నుండునో, ఈ ఇల్లును అందులకే చల్లగా నున్నది. మట్టి మందము ఎండను ఒక పగటిలో దిగనీయదు. అయితే ఒక మాట చెప్పక తప్పదు. గడ్డి బ్రతుకుటకు నీరు కావలెను. తడిమట్టి బరువు మోయుటకు గోడలు లావుగా నుండవలెను. ఇనుపకమ్ములున్న స్లాబుపై తడి నిలిచినచో కమ్ములు త్రుప్పుపట్టి పెచ్చులు రాలును. తోటమాలులు, పనివారు గల సంపన్న గృహమునకు ఇది చెల్లినది. మనము కూలి పెట్టి మేడమీద తోట పెంచవలెనని నేను చెప్పను.

రెండవది షోధాన్ గృహము. దీని కథ వింతగా నుండును. మొదట సురోత్తం హఠీసింగ్ అను మిల్లు యజమాని తనకై పటములు వ్రాయించుకొనెను. పిదప వానిని శ్యామూభాయి షోధాన్ అనునతనికి అమ్మివేసెను. ఇతడు వేరొక స్థలమున ఆ పటముల ప్రకారమే కట్టించెను. 1956లో ముగిసినది. ఒకని ఒడలికి కొలిచి కుట్టిన చొక్కా మరియొకనికి సరిపోవుట అరుదు, ఇచట సరిపోయినది. ఇది పైకి గరుకు కాంక్రీటు పెట్టెవలె కనబడును. నాకది సారాభాయి ఇంటివలె మనస్సునకు నచ్చలేదు. కాని దాని కప్పు చూడుడు. ఇంటి కప్పునకు పైన, ఎడముగా, స్తంభముల మీద మరియొక కప్పు నిలిపిరి. గొడుగును మనము తలకు ఆనించి పట్టుకొనము గదా! నడుమ గాలి ఆడవలెను. మీది కప్పు ఎండను తాను భరించును. దాని వేడి నడుమనుండు గాలిలో కొట్టుకొనిపోవును. క్రింది కప్పునకు నీడ మాత్రమే దక్కును. మన ఊళ్ళలో స్లాబుపై తాటాకు పందిరి వేసికొనువారు తెలియకయే ఈ సూత్రమును పాటించుచున్నారు. దానిని చూచి నామోషీ యనువారు షోధాన్ గృహమును చూడవలెను.

ఆ ఇంటి ముఖభాగమున గోడకు ముందు తేనెపట్టు గదులవలె లోతైన కాంక్రీటు అరలు కలవు. అవి అలంకారములు గావు. అహమ్మదాబాదు కర్కాటక రేఖకు కొంచెము దక్షిణముగా నున్నది. జూను నెలలో మధ్యాహ్న సూర్యుడు అచట సరిగా నడినెత్తిన నిలుచును. డిసెంబరులో దక్షిణముగా వాలి ఆకాశములో సగమెత్తున నడచును. కావున దక్షిణపు గోడకు లోతైన చూరు ఒకటి యున్నచో, వేసవి యెండ దానిపైననే ఆగిపోవును, చలికాలపు ఎండ దాని క్రిందుగా దూరి లోపలికి వచ్చును. ఇంత లెక్క మన పాతయిండ్ల పంచలోను దాగియున్నది. పడమటి గోడ సంగతి వేరు. సాయంకాలపు సూర్యుడు ఏటవాలుగా, మన కన్నులయెదుటకు వచ్చును. దానిని ఆపుటకు పైన కట్టు అడుగున్నర సన్‌షేడు చాలదు. నిలువు చాటు కావలెను, లేదా వసారా కావలెను, లేదా చెట్టు కావలెను. మన కొత్త యిండ్లలో అనేకములకు పడమటి గోడ దిసమొలతో నిలిచియుండుట చూచుచునే యున్నాము. వేపచెట్టును కొట్టివేసి ఆ గోడ కట్టినవారు కూడ కలరు.

తరువాత చెప్పవలసినవాడు మన సికింద్రాబాదులో 1930లో జన్మించిన చార్లెసు కొరియా. అమెరికాలో చదివి వచ్చి బొంబాయిలో స్థిరపడి 2015లో మరణించెను. ఈయన అహమ్మదాబాదులో కట్టిన ఇండ్లలో నాకు ఎల్లకన్న గొప్పదిగా తోచునది నేను కంటితో చూడనిది. 1960లో గుజరాతు గృహనిర్మాణ మండలివారు బీదవారికి తగిన చవుక ఇండ్లకై శిల్పులకు పోటీ పెట్టిరి. కొరియాకు మొదటి బహుమానము వచ్చినది. ఆ నమూనా ఇంటిని గొట్టపు ఇల్లు అను అర్థము వచ్చు పేరున పిలిచిరి. వెడల్పు పండ్రెండు అడుగులు, పొడవు అరువది అడుగులు. ఇరుప్రక్కల గోడలకు ఇండ్లు ఆనుకొనియుండును గాన ఆ వైపుల ఎండ తగులదు. కప్పు రెండువైపులనుండి వాలుగా పైకిలేచి, శిఖరమున సందు విడిచియుండును. లోపలి వేడిగాలి తేలిక యగుటచే ఆ వాలువెంట పైకి ప్రాకి సందుగుండ వెలికి పోవును. పోయిన గాలిస్థానమున క్రిందినుండి కొత్తగాలి లోనికి వచ్చును. వీధిగుమ్మము ప్రక్కనున్న రెక్కల కిటికీని త్రిప్పి ఆ గాలిని హెచ్చించుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును. విద్యుత్తు లేదు, యంత్రము లేదు. పెంకుల సందులనుండి వేడి ఎగిరిపోవు మన పెంకుటింటికిని దీనికిని తేడా ఏమన, అచట తనంత తాను జరుగుదానిని ఈయన కోరి జరిపించెను.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. 1995లో పడగొట్టిరి. పటములును, ఛాయాచిత్రములును మాత్రము మిగిలినవి. మిల్లు యజమానుల ఇండ్లను చూచుటకు సముద్రములు దాటి వచ్చుచుండగా, బీదవానికై ఆలోచించి కట్టిన పండ్రెండడుగుల ఇంటిని నిలుపుకొనలేకపోవుట నాకు కష్టముగా నున్నది.

ఆయనయే 1960 తరువాతి యేండ్లలో కట్టిన పరేఖ్ గృహములో ఇంకొక సొగసు కలదు. అందు వేసవి భాగమని ఒకటి, చలికాలపు భాగమని ఒకటి. వేసవి భాగము అడుగున విశాలము, పైకి పోనుపోను ఇరుకు. ఆకాశపు వేడిని లోనికి రానీయదు. వేసవి మధ్యాహ్నములు కుటుంబము అందుండును. చలికాలపు భాగము దానికి తలక్రిందులు; పైకి విచ్చుకొని ఆకాశమునకు తెరచియుండును. చలికాలములోను, వేసవి సాయంకాలములందును ఇటకు వత్తురు. అనగా ఇల్లు కదలదు, మనుష్యులు కదలుదురు. మన తల్లిదండ్రులు చేసినదియు ఇదియే గదా! మధ్యాహ్నము నడిమింట, సాయంకాలము అరుగుమీద, రాత్రి పెరటిలో మంచము. గదికొక పేరు పెట్టి, మంచమును గోడకు బిగించినట్లు నిలిపి, అన్ని ఋతువులును అచటనే పడియుండవలెననుట నేటి అలవాటు.

కొరియా పనిని ఎవరి అనుమతియు లేకుండ చూడదలచినవారు సబర్మతీ ఆశ్రమమునకు పోవచ్చును. అచట ఆయన కట్టిన గాంధీ స్మారక సంగ్రహాలయమును 1963లో నెహ్రూగారు ప్రారంభించిరి. ఇటుక స్తంభములు, పెంకు కప్పు, రాతి నేల, నడుమ నీటికొలను. కిటికీలకు అద్దములు లేవు, కర్ర రెక్కలే. గాంధీగారి చిన్న పెంకుటిల్లు ప్రక్కనే యున్నది. దానికి ఎదుట గొప్పలు పోకుండ తల వంచుకొని యుండుట ఈ కట్టడమున నాకు నచ్చిన గుణము.

ఇక బాలకృష్ణ దోశీ. పూనాలో 1927లో పుట్టి, పారిసులో కార్బూజియే వద్ద పనిచేసి, ఆయన ఇండ్లను దగ్గరనుండి కట్టించుటకై 1954లో అహమ్మదాబాదు చేరి, అచటనే నిలిచిపోయెను. 2018లో వాస్తుశిల్పులకు ప్రపంచమున మిక్కిలి గొప్పదైన ప్రిట్జ్‌కర్ బహుమానమును భారతీయులలో మొట్టమొదట పొందినవాడు ఈయనయే. 2023లో గతించెను. తన భార్య కమల పేర 1963లో కట్టుకొన్న ఇల్లు చిన్నది, ఆడంబరము లేనిది. ఇటుక గోడలను రెండు పొరలుగా కట్టి నడుమ గాలిసందు విడిచిరి; బయటి పొర కాగినను లోపలి పొరకు ఆ వేడి త్వరగా అందదు. దశాబ్దములపాటు అందే కాపురముండి, అవసరము కొలది పెంచుకొనెను. తాను చెప్పినదానిలో తానే నివసించిన శిల్పి మాటకు విలువ యెక్కువ.

ఆయన 1973లో జీవితబీమా సంస్థకై మూడువందలకు పైగా ఇండ్లు గల వాడ నొకదానిని నిర్మించెను. పెద్ద ఇల్లు క్రింద, మధ్యరకము దానిపైన, అన్నిటికన్న చిన్నది పైన. పైకి పోయినకొలది ఇల్లు చిన్నదగుటచే ప్రతివారికిని కొంత ఆరుబయలు డాబా దక్కెను. నేను చూచువేళకు ఏ ఇల్లును మొదట కట్టినట్లు లేదు. ఒకరు డాబాపై గది వేసిరి, ఒకరు మెట్లు మూసిరి, ఒకరు గోడకు రంగు పూసిరి. శిల్పిపటము చెడిపోయినదని కొందరు నొచ్చుకొనిరి. దోశీ మాత్రము జనులు ఇట్లు మార్చుకొందురనియే తలచి, దానికి తావు విడిచి కట్టెను. కుమారులు వేరుపడుట, కోడలు వచ్చుట, తండ్రి మంచము పట్టుట మన ఇండ్లలో జరుగునవి; పటములో వానికి చోటుండవలెను.

దోశీ 1980 ప్రాంతమున తన కచేరికై సంగత్ అను కట్టడమును నిర్మించెను. ఇది సగము నేలలోనికి దిగియుండును. దాని కమాను కప్పులనిండ పగిలిన తెల్ల పింగాణి ముక్కలు అతికించిరి. తెలుపు ఎండను త్రిప్పికొట్టును, ముక్కలు కావున వంపుపై చక్కగా కుదురుకొనును, వెల తక్కువ. ఈ ఒక్క ఉపాయము మాత్రము మన స్లాబు ఇండ్లకు నేడే అందుబాటులో నున్నది. అహమ్మదాబాదు నగరపాలకులు 2017లో బీదల వాడలలో వేలకొలది కప్పులకు తెల్లసున్నము వేయించిరి. తెలంగాణ ప్రభుత్వమువారును 2023లో చల్లని కప్పులను గూర్చి ఒక విధానమును ప్రకటించిరి. ఇట్టి తెల్లని కప్పు క్రింద లోపలి వేడి రెండు మొదలు ఐదు డిగ్రీలవరకు తగ్గునని చెప్పుదురు. సున్నము ప్రతి వేసవికి ముందు మరల వేయవలెను, వానకు కరిగిపోవును. అదిగాక మన ఆడవారు మేడమీద వడియములును, మిరపకాయలును ఆరబోయుదురు. సున్నపు పొడి అంటునని వారు ఒప్పుకొనకపోవచ్చును. అట్టి ఇండ్లకు పింగాణి ముక్కలే మేలు. ఒకసారి అతికించి, వాననీరు జారుటకు కొంచెము వాలు పెట్టుకొన్నచో, చీపురుతో ఊడ్చి వడియములు పెట్టుకొనవచ్చును.